మొదటి మాట వినే మనిషి

బెల్లంపల్లి నుంచి ఫోను వచ్చేటప్పటికి గోడ గడియారంలో సరిగ్గా పన్నెండయింది. అది ఆయన పనివేళ. మా గోదావరిఖనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే వేళ. సరిగ్గా ఆ వేళకే ఆయన సైకిలు మీద బయలుదేరి ఎవరో ఒకరి గోడ పక్కన నిలబడేవాడు.

ఫోనులో ఆయన కూతురు. "అమ్మా, అబ్బా పొద్దున పోయిండు. పొద్దుగూకంగ మట్టి" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. అది దాని చోట రాస్తాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. కుక్కలకు పేరు పెట్టడానికే ఒప్పుకోని మనిషి ఆయన. "పేరు పెట్టేది ఇంటోళ్ళు. నేను నడిమిట్లోన్ని, నాకేం హక్కున్నది?" అనేవాడు. నేను ఆయన్ను భాయ్ అనేదాన్ని. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు.

మా బొగ్గుగనిలో ఆయనది ల్యాంప్ రూము, నాది టైమ్ ఆఫీసు. మా ఆయన జబ్బు చేసి పోతే నాకు వచ్చిన ఉద్యోగం అది. గనిలోకి దిగేవాడు ముందు నా కిటికీ దగ్గర హాజరు వేయించుకోవాలి. తర్వాత భాయ్ కిటికీలో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఎందరు దిగారో నాకు తెలుసు, ఎందరు తిరిగొచ్చారో ఆయనకు తెలుసు. ఇద్దరి లెక్కా కలిస్తేనే షిఫ్టు ముగిసినట్టు. ఒక్క దీపం తక్కువైనా ఆయన తలుపు మూసేవాడు కాదు. ఎవడో మతిమరుపువాడు దీపంతో సహా హోటల్లో కూర్చుని చాయ్ తాగుతున్నా సరే, బెంచీ మీద అలాగే కూర్చునేవాడు. "ఒక్కటి రాలే అక్కా" అనేవాడు. ఆ మాట ఆ గొంతులో వింటే నేను హాజరు పుస్తకం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని.

ఆయన రిటైరయ్యాక, నా రిటైర్మెంటుకు కొంచెం ముందు, మా గని మూతపడింది. పక్కనే, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్ కాస్టు మొదలైంది. పాత గని సైకిల్ స్టాండు మాత్రం రేకుల కప్పుతో అలాగే నిలిచి ఉంది. ఆయన అందులో కుక్కలను పెట్టాడు.

వీధికుక్కలు కావవి. క్వార్టర్ల కుక్కలు. మా దగ్గర మనిషి రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. పూలదండ వేసి, బ్యాండు మేళంతో జీపులో ఇంటి దాకా తెచ్చి దింపుతారు. కొద్దిరోజులకు లారీ వస్తుంది. మంచాలు, బీరువాలు, పూలకుండీలు, చివరికి పిడకల బస్తా కూడా లారీ ఎక్కుతుంది. కుక్క లారీ వెనక కొంతదూరం ఉరికి, తిరిగి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పడుకుంటుంది.

అందుకని భాయ్ పిలవని సన్మానాలకు వెళ్ళేవాడు. ఒకసారి, గనిలో పని అజమాయిషీ చేసే ఓవర్‌మన్ ఒకాయన రిటైరైతే సభ పెట్టారు. మైకులో పొగడ్తలన్నీ అయ్యాయి. వెనక వరుసలోంచి భాయ్ లేచాడు.

"సార్, అంతా మంచిగున్నది. మీ కుక్క ఎటు పోతది?"

సభంతా నవ్వింది. ఓవర్‌మన్ దండ సర్దుకుంటూ, "అరె భాయ్, ఇయ్యాల గూడ కుక్క ముచ్చటనేనా?" అన్నాడు.

"దండ రేపటికి వాడిపోతది సార్. కుక్క రేపు గూడ ఉంటది."

"భాయ్‌కి గూడ ఒక దండెయ్యుండ్రి, కుక్కల యూనియన్ తరఫున!" అని ఎవరో అరిచారు. ఆయన కూడా నవ్వాడు. కాని కూర్చోలేదు. జవాబు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు. వేదిక మీది వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆడవాళ్ళ వరుసలోంచి ఓవర్‌మన్ భార్య, "తీస్కపోతం కాకా, కూసో" అంది. అప్పుడు కూర్చున్నాడు. ఆ కుక్క లారీలోనే వెళ్ళింది, రెండు బీరువాల మధ్య. నేను కళ్ళారా చూశాను.

షెడ్డులో ఆయనకు వేరే బట్టలుండేవి. ఖాకీ ప్యాంటు, మోచేతుల దగ్గర మాసికలు వేసిన నీలం చొక్కా. నమాజు చేసే మనిషి కనుక కుక్క ముట్టిన బట్టతో మసీదు గడప తొక్కడు. ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, తెల్ల లాల్చీ వేసుకుని కాని బయలుదేరడు. "ఏంది చాచా, గీ వయసుల నీకు కుక్కల ఫికరేంది?" అని వాళ్ళవాళ్ళు దెప్పేవారు. "మీ ఇండ్లల్ల పెట్టుకోమన్ననా? అంగీ నాది, నీళ్ళు నాయి, సబ్బు నాది" అనేవాడు. ఆయనవి బజారులో మసీదు వెనక రెండు అద్దె గదులు. కుక్కను ఇంటికి తీసుకుపోయే వీలు లేదు. "నా బీవీ నన్నే కష్టంగ ఓర్చుకుంటది" అని నవ్వేవాడు.

కుక్కను ఒక ఇంటికి ఇవ్వడంలో ఆయనది ల్యాంప్ రూము పద్ధతే. ముందు బిళ్ళ ఇవ్వాలి. బిళ్ళ అంటే ఆ ఇంటి మగవాడు డ్యూటీకి తొడుక్కుని విడిచిన, ఉతకని చొక్కా. దాన్ని కుక్క పక్కలో వేసేవాడు. మనిషిని చూడకముందే కుక్క ఆ వాసన మీద కొన్ని రాత్రులు నిద్రపోవాలి. ఎవరైనా మర్యాదకు పోయి ఉతికి ఇస్తే తిప్పి పంపేవాడు. "సబ్బు వాసనతోని అదేం జేస్కుంటది?"

ఇచ్చాక మూడు షిఫ్టులు తిరగాలి. మా మగవాళ్ళకు ఒక్కో వారం ఒక్కో షిఫ్టు. మొదటి షిఫ్టు వారం మనిషి సాయంత్రాలు ఇంట్లో ఉంటాడు, అప్పుడు అందరూ మంచివాళ్ళే. రెండో షిఫ్టు వారం కూడా ఇబ్బంది లేదు. నైట్ షిఫ్టు వారం వచ్చేసరికి మనిషి పగలు పడుకుంటాడు. రాత్రంతా భూమి కింద గడిపి వచ్చినవాడి నిద్ర అది. ఆ నిద్రలో కుక్క మొరిగితే ఆ ఇల్లేమిటో బయటపడుతుంది. ఎవరిది ఎప్పుడు నైట్ వారమో నన్నడిగేవాడు. నేను రిటైరయ్యాక కూడా అడిగేవాడు. ఏ షిఫ్టు జట్టు తర్వాత ఏ జట్టు తిరుగుతుందో ఒకసారి ఒంటబట్టిన మనిషికి ఆ లెక్క తప్పదు. ఇప్పుడు అడిగినా చెప్పగలను.

నేను చెప్పిన వారం, మధ్యాహ్నం పన్నెండింటికి, ఆయన వెళ్ళి ఆ ఇంటి గోడ పక్కన నిలబడి గేటు మీద చిన్న రాయి వేసేవాడు. కుక్క మొరిగేది. ఆయన చెవి గోడకు పెట్టేవాడు.

"మొదటి మాట వినాలె అక్కా. రెండో మాట మనల్ని జూసి అంటరు."

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఆ ఇంటి ఇల్లాలు కుక్కకు తన చేత్తో అన్నం కలిపి పెట్టే మనిషి. మొదటి రెండు వారాలు బాగా గడిచాయి. రాయి పడింది, కుక్క మొరిగింది. లోపలి నుంచి వచ్చిన మాట నేను రాయలేను. మాట వెనకే స్టీలు గ్లాసు వచ్చి కుక్క డొక్కకు తగిలింది. భాయ్ గొడవ పడలేదు. గేటు తీసి, గొలుసు విప్పుకుని, సలాం చెప్పాడు. ఇల్లాలు వెంటపడింది.

"కాకా, ఆయన నిద్రల అన్నడు. మనసుల ఏం లేదు."

"నిద్రల అబద్ధమాడరు బిడ్డా."

ఆమె కొంగు బిగించుకుని నిలబడింది. "కుక్కనియ్యనీకి ఇన్ని తీర్ల జూస్తున్నవు. నన్నిచ్చేటప్పుడు ఎవలు నిలవడ్డరు కాకా గోడ పక్కన?"

ఆయన సైకిలు ఎక్కకుండా, కాలనీ దాటేదాకా తోసుకుంటూనే నడిచాడు. తర్వాత కూడా ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు సైకిలు దిగి నడిచేవాడు.

ఎర్రది ఆ తర్వాత వచ్చింది. ఎర్రమట్టి రంగు ఆడకుక్క, ఒక చెవి సగం లేదు. అది పెరిగిన ఇంట్లో మగవాడు నైట్ వారాల్లో నిద్ర చెడినప్పుడల్లా డ్యూటీ బెల్టుతో కొట్టేవాడు. గని మనిషి నడుముకు వెడల్పాటి తోలు బెల్టు ఉంటుంది. దీపం బ్యాటరీని దానికే తగిలించుకుంటారు. డ్యూటీ నుంచి వచ్చినవాడు గడపలో మొదట చేసే పని ఆ బెల్టు విప్పడం. ఏ ఇంట్లోనైనా అంతే. మగవాడి చెయ్యి నడుము మీదికి పోతే చాలు, ఎర్రది మొరిగేది కాదు, గుర్రుమనేది కాదు. ఒక్క ఉదుటున మణికట్టు పట్టేది.

భాయ్ దాన్ని ఒక ఇంటికి ఇచ్చి చూశాడు. నెమ్మదైన మనుషులు. మొదటి రోజే ఇంటాయన గడపలో బెల్టు మీద చెయ్యి వేశాడు. అంతే. దవాఖానలో కుట్లు పడ్డాయి. "దాని తప్పు లేదు కాకా, కానీ మా ఆమె భయపడుతున్నది" అని ఆయనే తెచ్చి షెడ్డులో అప్పజెప్పి పోయాడు. చుట్టుపక్కల ఊళ్ళకు కూడా ఈ సంగతి పాకింది. ఎవరినడిగినా "కరిసేదే గద?" అనేవారు.

సరిగ్గా అప్పుడే సైకిల్ స్టాండు తీసేస్తారని తెలిసింది. ఓపెన్ కాస్టు డంపర్లకు అటువైపు నుంచి దారి వేస్తున్నారు. సెక్యూరిటీ మనిషి ఒకడు వచ్చి చెప్పాడు.

"భాయ్, శనివారం పొద్దున మిషన్ వస్తది. అప్పటికి షెడ్డుల ఏమున్నా కుక్కల బండోళ్ళు తీస్కపోతరు. కరిసిన కుక్కను వాళ్ళు మళ్ళ ఇడువరు, నీకెర్కనే."

నాకూ ఎరుకే. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మా కాలనీలో ఎవరూ చూడలేదు. మిగతా కుక్కలకు అప్పటికే చూసిపెట్టిన ఇళ్ళున్నాయి. రెండు రోజుల్లో అవన్నీ వెళ్ళిపోయాయి. బుధవారానికి షెడ్డు ఖాళీ. భాయ్ ఒక్కడే బెంచీ మీద కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర ఎర్రది. "ఒక్కటి మిగిలింది అక్కా" అన్నాడు. పాత గొంతే.

ఆ రోజు నేనే ఒక ఇల్లు చూశాను. ఒక ఆఫీసరు బంగళా. ఆయనకు షిఫ్టు లేదు, డ్యూటీ బెల్టు లేదు. కాపలాకు కుక్క కావాలన్నాడు. ఇద్దరం వెళ్ళాం. గేటు పక్కన స్తంభానికి ఇనుప కడియం, దానికి మూరెడు గొలుసు వేలాడుతోంది. గొలుసు అందినంత మేర గుండ్రంగా నేల అరిగిపోయి, గడ్డి లేదు. భాయ్ ఆ నేలను చాలాసేపు చూశాడు.

"ముందటి కుక్కను ఎప్పుడిప్పేది సార్?"

"కాపలా కుక్కని విప్పడం ఏవిటయ్యా?" అన్నాడు ఆఫీసరు, నిజంగానే అర్థం కాక.

భాయ్ సలాం చెప్పి వెనక్కు తిరిగాడు. రోడ్డు మీద నేను ఊరుకోలేదు.

"భాయ్, గొలుసుకున్నా పానమైతే ఉంటది గద. శనివారమైతే పానమే పోతది. గీ లెక్క తెల్వదా నీకు?"

"తెలుసక్కా."

"తెలిస్తే ఇయ్యి."

"షిఫ్టుకు టైమైతున్నదని బ్యాటరీ లేని ల్యాంపు ఇచ్చి పంపుదునా నేను?"

"అయితే సావనియ్యి దాన్ని!" అని విసవిసా ముందుకు నడిచాను. కోపంలో అన్నాను కాని భయంతో అన్నాను. రోజులు దగ్గరపడుతున్నాయి, ఈయన పట్టు సడలడం లేదు. వెనక సైకిలు చక్రం కిర్రుమంటూనే ఉంది. మా వీధి మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"అక్కా, మీ ఇంట్ల పాత డ్యూటీ బెల్టుందా?"

"దానికి బెల్టంటేనే పడది గద?"

"అందుకనే."

మా అబ్బాయి పాత బెల్టు తలుపు వెనక మేకుకు ఉంది. చెమట, బొగ్గు పొడి పట్టి కట్టెలా బిగుసుకుపోయింది. తెచ్చి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. మా వాడు పక్క గనిలో ఫిట్టరు. అప్పటికింకా పెళ్ళి కాలేదు, క్వార్టర్ వాడిదే, ఉండేది మేమిద్దరమే. ఆ వారం వాడిది నైట్ షిఫ్టు. అందరి నైట్ వారాలూ నన్నడిగిన మనిషి, ఆ ఒక్కటి మాత్రం అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. మా వాడు లోపలి గదిలో పడుకున్నాడు. గేటు దగ్గర భాయ్, చేతిలో ఎర్రది గొలుసు.

"అక్కా, జుమ్మాకు పోయొస్త. గంటసేపు గేటుకు కట్టుకో."

"మా వాడు పండుకున్నడు భాయ్. అది మొరిగితే?"

"ఇన్ని నీళ్ళు పెట్టు, ఏం గాదు" అని కట్టేసి వెళ్ళిపోయాడు.

నీళ్ళు పెట్టి మళ్ళీ చేట ముందు కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఆయన ఒంటి మీద నీలం చొక్కా ఉంది. షెడ్డు బట్టల్లో ఏ జుమ్మా నమాజుకు పోతాడు ఆయన? లేచి చూశాను. మా ప్రహరీ చివర, గోడకు ఆనించిన సైకిలు క్యారియర్ కొంచెం కనిపిస్తోంది.

ఎన్నేళ్ళుగానో నేను ఎవరెవరి ఇళ్ళ గోడల పక్కనో నిలబెట్టిన మనిషి, ఇప్పుడు నా గోడ పక్కనే నిలబడ్డాడు. మా వాడు మంచివాడే. కాని నిద్ర చెడితే వాడు ఏమంటాడో కన్నతల్లిని నాకే తెలియదు. ముందు వారమే ఆకుకూరల మనిషి కేక వేస్తే, ఆమె గంప ఎత్తుకుని పారిపోయేలా అరిచాడు. లోపలికి వెళ్ళి మెల్లగా లేపి, బయట కుక్క ఉంది, నెమ్మదిగా మాట్లాడరా అని చెప్పవచ్చు. రెండడుగులు వేశాను కూడా. కాని అలా చెప్పించి అనిపించేది రెండో మాట అవుతుంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

గేటు మీద రాయి పడింది.

ఎర్రది మొరిగింది. అంత గొంతు దానికుందని నాకు తెలియదు. ఆగకుండా మొరిగింది. లోపల మంచం కిర్రుమంది. చేటలో బియ్యం ఎటు ఏరుతున్నానో తెలియడం లేదు. పరదా పక్కకు పోయింది. మా వాడు లుంగీ మీద, కళ్ళు చింతనిప్పుల్లా, రెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు, గడపలో నిలబడ్డాడు. కుక్కను చూశాడు.

"నీయవ్వ, నైట్ షిఫ్టు జేసింది నువ్వానే, నేనా?"

అది మొరగడం ఆపింది.

వాడు జారుతున్న లుంగీ బిగించుకోవడానికి నడుము మీద చెయ్యి వేశాడు. అంతే, ఎర్రది గాలిలోకి లేచింది. గొలుసు దాన్ని వెనక్కి లాగి నేలకేసి కొట్టింది. వాడు ఒక్క గెంతులో గడప లోపలికి పోయాడు. నేను కేక వేశాను. తర్వాత వాడు చేతులు రెండూ కనబడేలా పెట్టుకుని, గడప మీద మెల్లగా కూర్చున్నాడు. దాని చెవి వంక చూశాడు.

"దీన్నెవడో మస్తు కొట్టిండే అమ్మా" అన్నాడు.

గోడ అవతల దగ్గు వినిపించింది. భాయ్ గేటు తీసుకుని వచ్చాడు.

"అయ్యిందా జుమ్మా?" అన్నాను, నా గొంతు నాకే వింతగా వినిపిస్తుండగా.

"ఇంకా పోలే."

"తిట్టిండు గద భాయ్ మావోడు."

"తిట్టిండు. మనిషిని తిట్టినట్టు తిట్టిండు. షిఫ్టు అడిగిండక్కా దాన్ని!" అని, మొన్నటి నుంచి నవ్వని మనిషి పెద్దగా నవ్వాడు. సంచిలోంచి తోలు ముక్కలు తీసి అరుగు మీద పెట్టాడు. మా వాడి పాత బెల్టు. "బిళ్ళ మొన్ననే ముట్టింది. మొదటి రాత్రి కొరికి పడేసింది. నిన్న రాత్రి దాని మీదనే తలకాయ పెట్టి పండింది."

మా వాడికి సంగతి అర్థమైంది. "అంటే నన్నడగకుండనే సంబంధం ఖాయం జేసిండ్రా ఇద్దరు?"

"ఖాయం యాడైంది బేటా? గదొట్టి తోలు ముక్క. మనిషి నడుముకున్న బెల్టు వేరే. రేపు పొద్దుగాల నువ్వు డ్యూటీ దిగొచ్చినప్పుడు తెలుస్తది." నవ్వు పోయింది ఆయన ముఖంలోంచి. "దానికి ఇంకో ఇల్లు లేదు. అది గూడ చెప్తున్న."

మా వాడు రాత్రి డ్యూటీకి వెళ్తూ, అది కట్టేసిన వైపు కాకుండా దొడ్డి తలుపు నుంచి వెళ్ళాడు.

శనివారం పొద్దున షెడ్డు దగ్గర యంత్రం చప్పుడు మా ఇంటికి వినిపించింది. అక్కడ కుక్క లేదని తెలిసి కుక్కల బండి మా వీధి మలుపుకే వచ్చి ఆగింది. కర్రకు తీగ ఉచ్చు బిగించుకుని ఒకడు దిగాడు. వీధి అంతా గేట్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మా, గిది కరిసిన కుక్కనే గద? పట్టుకొమ్మన్నరు."

"మా కుక్క" అన్నాను.

"నిన్నటిదాక షెడ్డుల ఉండె గద?"

"ఇయ్యాల మాది."

"మీదే అయితే మంచిదే. మరి ఇంటోళ్ళనే కరిస్తే?" అని వాడు బండికి ఆనుకుని నిలబడ్డాడు. పోయే తొందర లేనట్టుంది.

భాయ్ అప్పటికే వచ్చి గేటు దగ్గర ఉన్నాడు. నేను వద్దంటున్నా వంగి గొలుసు విప్పాడు. "కట్టేసి పెడితే ఏం తెలుస్తదక్కా?" అన్నాడు. ఎర్రది గేటు మధ్యలో నిలబడి వీధిలోకి చూస్తోంది.

మా వాడు మలుపు తిరిగాడు. చేతిలో టిఫిను డబ్బా, నడుముకు బెల్టు. బండిని చూశాడు, ఉచ్చు పట్టుకున్న మనిషిని చూశాడు, దూరంగా గేటులో ఎర్రదాన్ని చూశాడు. నడక ఆగింది. ఆ మలుపులో అందరూ నీళ్ళు పట్టుకునే వీధి నల్లా ఉంది. టిఫిను డబ్బా నల్లా గట్టు మీద పెట్టాడు. అక్కడే, అందరి ముందూ, బెల్టు విప్పి నల్లా గొట్టానికి తగిలించాడు. ఆ ప్యాంటు ఆ బెల్టు మీదే నిలిచేదేమో, జారబోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

వీధి గొల్లున నవ్వింది. "ఏందిరో, కంపెనీ ప్యాంటు గూడ గుంజుకునేటట్టున్నదా?"

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇంట్లెకు పోయినంక మీ కత ఏందో నాకెర్కలేదా?" అంటూనే వస్తున్నాడు. కళ్ళు మాత్రం కుక్క మీదే.

గేటు ముందు ఆగాడు. ప్యాంటు పట్టుకున్న చెయ్యి నడుము మీదే ఉంది. దాన్ని వదిలితే పరువు పోతుంది, వదలకపోతే ఎర్రది ఏం చేస్తుందో తెలియదు. నవ్వులు ఆగిపోయాయి. ఎర్రది ముందుకు వచ్చింది. ఆ చేతిని, నడుము చుట్టూ బెల్టు నల్లగా గీసిన గీతను, చాలాసేపు వాసన చూసింది. రెండు రాత్రులు తన పక్కలో ఉన్న వాసనే.

తోక ఊపింది అని రాస్తే బాగుంటుంది. కాని ఊపలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది, అంతే. మా వాడు ఇంట్లోకి వెళ్ళాడు. అది వాడి వెనకే వెళ్ళి గడప బయట పడుకుంది.

"ఇంటోనికైతే ఎర్కనే ఉన్నది" అని బండి మనిషి కర్ర లోపల పడేసి ఎక్కాడు. బండి వెళ్ళిపోయింది. భాయ్ మా అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. చెంబు ఇస్తే, ఎత్తి తాగబోయి, నవ్వు వచ్చి సగం మీద పోసుకున్నాడు.

అయినా మూడు షిఫ్టులు తిరిగేదాకా వస్తూనే ఉన్నాడు. చివరిసారి వచ్చినప్పుడు, "పేరు పెట్టిండ్రా?" అని అడిగాడు. మా వాడు దానికి ఓవర్‌మన్ అని పేరు పెట్టాడు. ఆడదిరా అని నేనంటే, "దాని అజమాయిషీ జూడవే" అన్నాడు. భాయ్ ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మరి మా గోడ పక్కన ఎప్పుడూ నిలబడలేదు. భార్య పోయాక బెల్లంపల్లిలో కూతురి దగ్గరికి చేరాడు. అక్కడ కూడా పక్కన పాడుబడ్డ క్వార్టర్లో కుక్కలను పెట్టాడని వినేదాన్ని.

ఓవర్‌మన్ మా ఇంట్లోనే ముసలిదైంది. ప్రత్యేక రాష్ట్రం రావడం చూడకుండానే పోయింది. మా వాడు మాత్రం ఇప్పటికీ వీధి మలుపులోనే బెల్టు విప్పుతాడు. ఎందుకని కొత్తగా వచ్చిన పిల్లలు అడిగితే, "చెమట పడుతది" అంటాడు.

ఈ రోజు వాడిది మొదటి షిఫ్టు. వచ్చే వేళకు నేను గేటు దగ్గర నిలబడ్డాను. నల్లా దగ్గర ఆగి, బెల్టు విప్పి చేతికి చుట్టుకుంటూ వచ్చాడు.

"ఏందే, ఎండల నిలవడ్డవు?"

"భాయ్ పోయిండురా. పొద్దుగూకంగ మట్టి."

వాడు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొదటి మాట కోసం ఆగాను.

"మరి కుక్కలెటు పోతయ్?" అన్నాడు.

ఫోనులో ఆయన కూతురు చెప్పిన రెండో మాట అప్పుడు చెప్పాను. "ఒక్కటి మిగిలిందట. ఆయన మంచం కిందికెళ్ళి లేస్తలేదట."

బస్సు ఎన్నింటికని అడిగాడు. చెప్పాను. మట్టికి పోతున్నాం, స్నానం చేసి బట్టలు మార్చుకోరా అన్నాను. స్నానం చేసి తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. విడిచిన డ్యూటీ చొక్కా మడతపెట్టి, నా చేతిసంచిలో అడుగున పెట్టాడు.

"ఉతకకు" అన్నాడు.